పేరు తీసేయమన్న రోజు

ప్రింటరు కాగితానికి రెండు పక్కలా ఉండే చిల్లుల పట్టీని సువర్ణరాజు ఎప్పుడూ ఒక్క గుంజుతో చింపడు. బల్ల అంచుకు ఆనించి, గోటితో మడత నొక్కి, నెమ్మదిగా లాగుతాడు. ఆ ఉదయం కూడా మద్రాసు వెళ్ళాల్సిన ఉత్తరాలను అలాగే చింపి దొంతిగా పేరుస్తున్నాడు. వరండా అవతల పెరట్లో ఆడవాళ్ళు గంపల్లో గడ్డి పరిచి కాయలు సర్దుతున్నారు. సొన వాసన, ఎండుగడ్డి వాసన కలిసి లోపలికి వస్తున్నాయి.

అతనికి యాభై రెండేళ్ళు. సన్నటి మనిషి. ఎంత ఎండలోనైనా చొక్కా మెడ బొత్తాం పెట్టుకునే ఉంటాడు. పాతికేళ్ళు టైపు నేర్పి నేర్పి వేళ్ళ కొసలు బల్లపరుపుగా అయిపోయాయి. మూడేళ్ళ కిందట, ఎనభై ఆరులో, నూజివీడు మామిడి వ్యాపారి పాండురంగారావు ఇంట్లోకి కంప్యూటర్లు దిగాయి. నడిపే మనిషి ఊళ్ళో దొరక్క, సువర్ణరాజును విజయవాడ పంపి నేర్పించి పనిలో పెట్టుకున్నారు. మొదటి వేసవిలో ఆ యంత్రాలను చూడ్డానికే చుట్టాలు వచ్చేవాళ్ళు.

యంత్రాలు మూడు. పెద్దది పాండురంగారావు గదిలో, రెండోది మేడ మీద ఆయన తమ్ముడి భార్య కల్యాణి గదిలో, మూడోది వరండాలో సువర్ణరాజు దగ్గర. గోడల వెంట నల్లటి తీగ ఒకటి మూడింటినీ కలుపుతుంది. ఎవరేం రాసుకున్నా అది వెళ్ళి పెద్ద పెట్టెలోనే కూర్చుంటుంది. మళ్ళీ తెరవాలంటే ఆ పెట్టెకు తమ పేరూ పాస్‌వర్డూ చెప్పుకోవాలి. పేర్లు ఇచ్చేదీ తీసేదీ పాండురంగారావే. ఆయన పెట్టె ఆపి గదికి తాళం వేసుకుని ఊరెళ్ళాడంటే మిగతా రెండూ మూగబోయేవి. సువర్ణరాజుకైతే ఆయన పేరంటూ ఇవ్వలేదు. అతను ‘ఆపరేటర్’ అని కొట్టి లోపలికి వెళ్ళేవాడు.

ఎనిమిది దాటాక పాండురంగారావు తెల్లటి లాల్చీలో వరండాలోకి వచ్చాడు. సువర్ణరాజు అలవాటుగా లేచి నిలబడ్డాడు.

“సాయంత్రానికల్లా కల్యాణి పేరు తీసెయ్. ఆ తోట దస్త్రం కూడా చెరిపెయ్,” అంటూ చిన్న చీటీ చేతిలో పెట్టాడు. “ఇది నా పాస్‌వర్డు. రేపు మార్చేస్తాలే.”

గది తాళంచెవి బల్ల మీద పెట్టి, జీపెక్కి చింతలపూడి వెళ్ళిపోయాడు. అక్కడి కలప వ్యాపారితో బేరం ఖాయం చేసుకోవడానికే ఆ ప్రయాణం. మైలవరం రోడ్డులో వాళ్ళకు రెండువందల పన్నెండు చెట్ల పాత తోట ఉంది. ఈ కాపు దిగాక దాన్ని మొత్తం కొట్టించి, ఆ నేలను ఇటుకల బట్టీకి ఇవ్వాలని ఆయన ఆలోచన. నిన్న మధ్యాహ్నం ఆ వ్యాపారి మనుషులు భోజనానికి వచ్చారు. వడ్డిస్తూ వడ్డిస్తూ కల్యాణి ఆగి, ఆ చెట్లలో నూట డెబ్బైకి పైగా ఇంకా నిండుగా కాస్తున్నాయని, ఏ చెట్టు ఏ ఏడాది ఎలా కాసిందో తన దగ్గర రాసి ఉందని చెప్పింది. పరాయివాళ్ళ ముందు మరదలు మాటకు మాట చెప్పడం ఆయనకు తల కొట్టేసినట్టయింది.

ఆ దస్త్రం సంగతి సువర్ణరాజుకు ఆవిడతో సమానంగా తెలుసు. అతని తండ్రి వీరయ్య ముప్పై ఏళ్ళు ఆ తోటకు కాపలా ఉన్నాడు. ఈ ఇంటికి ఎన్నిసార్లు వచ్చినా గేటు దాటి లోపలికి అడుగు పెట్టలేదు. చదువు రాదు. కానీ ఒక్కో చెట్టు పుట్టుపూర్వోత్తరాలన్నీ నోటికి చెప్పేవాడు. పోయేముందు ఏడాది పాటు సాయంత్రాలు తండ్రి మంచం పక్కన కూర్చుని సువర్ణరాజు అవన్నీ విన్నాడు. మర్నాడు వచ్చి చెబుతుంటే కల్యాణి తన యంత్రంలో టైపు చేసుకునేది. ‘నలభై ఒకటో చెట్టు. ఉప్పెన ఏడాది తూర్పు కొమ్మ విరిగింది. మరుసటేడు పడమటి కొమ్మ దాని వంతు కూడా కాసింది.’ అలాంటివి రెండువందల పన్నెండు. వీరయ్య ఈ లోకంలో వదిలిన రాత అదొక్కటే.

సువర్ణరాజు చీటీని జేబులో పెట్టుకుని మేడెక్కాడు. గుమ్మం దగ్గరే నిలబడి సంగతి చెప్పాడు.

కల్యాణి తెర వైపు తిరిగింది. “తీసెయ్యండి సువర్ణరాజు గారూ. నా కోసం మీ ఉద్యోగం పోగొట్టుకోకండి.”

“పేరు అడిగే పెట్టే లేకపోతే, తియ్యడానికి పేరెక్కడుంటుందండీ?”

ఆవిడకు అర్థం కాలేదు. అతను విడమర్చి చెప్పాడు. విజయవాడలో యంత్రాలు బాగుచేసే శౌరి అనే అతను కిందటి నెల ఒక ఫ్లాపీ ఇచ్చాడు. అది ఎక్కిస్తే పెద్ద పెట్టె పెత్తనం ఉండదు. ఎవరి రాతలు వాళ్ళ యంత్రంలోనే ఉంటాయి. ఎదురెదురు అరుగుల మీద కూర్చున్నవాళ్ళు మాట్లాడుకున్నట్టు, కావలసినప్పుడు ఒకదాన్నొకటి అడిగి తీసుకుంటాయి. పెద్ద పెట్టె కూడా మిగతా రెండింటిలాంటిదే అయిపోతుంది. కల్యాణి యంత్రంలో దాచుకునే చోటు మొదటినుంచీ ఉంది. ఆయన వాడనివ్వలేదు, అంతే.

“బావగారు ఊరుకోరు.”

“ఊరుకోరండీ,” అని ఒప్పుకుని అతను కిందికి దిగాడు.

పదిన్నరకు కరెంటు పోయింది. ఒంటిగంట దాకా రాలేదు. ఆ రెండున్నర గంటలూ అతనికి గడవలేదు. ఒక పనికని ఇచ్చిన పాస్‌వర్డును ఇంకో పనికి వాడటం తప్పేనని మనసు పీకింది. ఇచ్చిన మనిషి మంచి పనికే ఇచ్చాడా అని అదే మనసు ఎదురు తిరిగింది. డబ్బా మూత తీసి పెరుగన్నం తిన్నాడు. ఆవకాయ ముక్క చప్పరిస్తూ, ఆయనవి ఒక్క అక్షరం ముట్టుకోకూడదని, చేసింది దాచకూడదని నిర్ణయించుకున్నాడు.

కరెంటు రాగానే మొదలుపెట్టాడు. పెద్ద పెట్టెలోంచి తోట దస్త్రాన్ని ఫ్లాపీల మీదికి ఎక్కించి మేడ మీద దింపాడు. రెండు ఫ్లాపీలు మొరాయిస్తే మళ్ళీ కొత్తవి తీశాడు. నాలుగింటికి మూడు గదుల్లోనూ శౌరి ఇచ్చిన ప్రోగ్రాం ఎక్కింది. వరండాలోంచి అడిగితే మేడ మీది యంత్రం నలభై ఒకటో చెట్టును పంపింది. అతను ఆ వాక్యం పూర్తిగా చదివి, దస్త్రం మొత్తం రెండు ప్రతులు తీయడానికి ప్రింటరులో కాగితం పెట్టాడు.

జీపు వచ్చేసరికి ప్రింటరు ఇంకా గరగరమంటోంది. పాండురంగారావు తన గదిలోకి వెళ్ళి, రెండు నిమిషాల్లో బయటికి వచ్చాడు. సువర్ణరాజు లేవలేదు. కాగితం వంకరపోకుండా రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు.

“పేరు అడగట్లేదేంటి?”

“ఇక అడగదండీ. మీవన్నీ మీ దగ్గరే ఉన్నాయి, ఒక్క ముక్క పోలేదు. కల్యాణమ్మగారివి ఆవిడ దగ్గరున్నాయి.”

“నేను చెప్పిందేంటి, నువ్వు చేసిందేంటి? మళ్ళీ ఎప్పట్లా పెట్టు.”

“పెట్టనండీ.”

పెరట్లో గడ్డి చప్పుడు ఆగింది. కల్యాణి మెట్ల మీదికి వచ్చి నిలబడింది. పాండురంగారావు గొంతు పెంచలేదు.

“మీ నాన్న ముప్పై ఏళ్ళు పనిచేశాడు. ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు.”

“చెప్పలేదండీ. ఆయన చెప్పాల్సినవన్నీ ఆ దస్త్రంలో ఉన్నాయి. అందుకే చెరపలేదు.”

ప్రింటరు ఆగింది. సువర్ణరాజు కాగితాన్ని అంచుకు ఆనించి, మడత నొక్కి, పట్టీలు చింపాడు. తొందరపడలేదు. ఒక ప్రతి ఆయన ముందు పెట్టాడు. రెండోది కల్యాణి దిగి వచ్చి తనే అందుకుంది. రేపటినుంచి రావద్దని పాండురంగారావు అంటే, రావాలని నేనూ అనుకోలేదండీ అన్నాడు. తాళంచెవీ చీటీ బల్ల మీద పెట్టి, ఖాళీ డబ్బా సంచిలో వేసుకుని, గేటు దాకా నడుం వంచకుండా నడిచాడు.

అతను మళ్ళీ ఆ ఇంటికి రాలేదు. మైలవరంలో బావమరిది ఇంటి ముందు గదిలో టైపు మిషన్లు రెండు పెట్టాడని బస్సు కండక్టరు చెబితే తెలిసింది. అంతా పాత పద్ధతికి మార్చమని పాండురంగారావు విజయవాడనుంచి మనుషుల్ని పిలిపించాడు. కల్యాణి తన గది గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. తీగ ముట్టుకోవడానికి వీల్లేదంది. వచ్చినవాళ్ళు టీ తాగి వెళ్ళిపోయారు. ఆవిడ భర్త గోపాలకృష్ణ మద్రాసునుంచి వచ్చి, రెండు రోజులు ఆ కాగితాలు ముందేసుకుని చదివి, అన్నతో మొదటిసారి గట్టిగా మాట్లాడాడు. జూన్‌లో రంపాలు వచ్చాయి. కాపు ఉడిగిపోయిందని దస్త్రమే చెప్పిన ముప్పై ఎనిమిది చెట్లు పడిపోయాయి. మిగతావి నిలిచాయి.

వానలు పట్టాక ఒకరోజు ఉత్తరాలు కొట్టడానికి కల్యాణి వరండాలోని యంత్రం ముందు కూర్చుంది. కీబోర్డు తన గదిలోదానికంటే ఎత్తుగా, టైపు మిషనులా ఏటవాలుగా ఉంది. ఎత్తి చూసింది. కింద ఒక చెక్క ఉంది. సువర్ణరాజు మామిడికాయల పెట్టె పలకను వాలుగా కోసి, అంచులు నున్నగా అరగదీసి, జారకుండా అడుగున సైకిలు ట్యూబు ముక్క అంటించాడు. పై ముఖాన పెట్టె మీది నల్ల అక్షరాలు కోతకు తెగిపోగా, ‘నూజి’ వరకే మిగిలాయి.