కుర్చీ సామాను కాదు

పడవ మేడమెట్ల దాకా వచ్చిందన్న సంతోషం టైలరమ్మకు ఒక్క నిమిషం కూడా నిలవలేదు.

"ముందు మనుషులు. సామాన్లు తర్వాత," అన్నాడు పడవతో వచ్చిన సహాయ దళం లీడరు, ఆమె చక్రాల కుర్చీని చూస్తూ.

టైలరమ్మకు ఒళ్ళు మండిపోయింది. "ఇది సామానా? మడిస్తే ఇంతే అవుతుంది. నా పక్కన పెట్టు."

"రూలంటే రూలేనమ్మా. మీకు ఒప్పుకుంటే అందరూ బీరువాలు తెస్తారు."

"బీరువా ఎక్కి ఎవరైనా బాత్రూముకెళ్తారా నాయనా?"

పడవలో ఎవరో కిసుక్కున నవ్వారు. లీడరు మొహం మాడ్చుకున్నాడు.

కిందటి వరదకూ ఇలాగే కుర్చీ వదిలించారు. వరద తీశాక చూస్తే అది తుప్పు పట్టి పోయింది. కొత్తది వచ్చేదాకా నెలల తరబడి టైలరమ్మ నేలమీద దేకింది. అరచేతులు పుళ్ళు పడి సూది పట్టలేక గిరాకీ అంతా పోగొట్టుకుంది. లీడరుకు ఆ సంగతి తెలియకపోవచ్చు. పక్కనున్న తమ్ముడికి తెలియదా?

"ఒరేయ్, నువ్వైనా చెప్పరా."

"ఊరుకో అక్కా, పరువు తీస్తున్నావు. ప్రాణం కంటే కుర్చీ ఎక్కువా?" అంటూ వాడే ఆమె చంకల కింద చేతులు పెట్టాడు. లీడరు కాళ్ళు పట్టుకున్నాడు. ఆమె తమ్ముడి చెయ్యి కొరికింది, నోటికొచ్చినట్టు తిట్టింది. అయినా బస్తాను ఎత్తినట్టు ఎత్తి పడవలో వేశారు. కాపాడటమంటే ఇదేనట!

శిబిరం ఒక బడిలో పెట్టారు. గోడవార చాపమీద ఆమెను కూర్చోబెట్టారు. జనం ఆమెను దాటుకుంటూ తిరుగుతున్నారు. టీ తెస్తానన్న తమ్ముడు పత్తా లేడు. ఆమె మంచినీళ్ళు కూడా ముట్టలేదు, ఎందుకో ఆడవాళ్ళకు చెప్పనక్కర్లేదు. అయినా ఎంతసేపని ఆపుకుంటుంది?

ఇంతలో లీడరు ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకొచ్చాడు. "ఈమెను చాలా కష్టపడి కాపాడామండి. ఏమ్మా, ఏమైనా కావాలా?"

టైలరమ్మ అతని మణికట్టు ఒడిసిపట్టుకుంది. ఏళ్ళ తరబడి కత్తెర ఆడించిన చెయ్యి, విడిపించుకోవడం అతని తరం కాలేదు.

"బాత్రూముకెళ్ళాలి. ఎత్తుకో."

"నేనా? ఉండండి, ఆడవాళ్ళనెవరినైనా పిలుస్తాను..."

"పడవెక్కించేటప్పుడు లేని సిగ్గు ఇప్పుడొచ్చిందా? ఎత్తుకో, త్వరగా!"

లీడరు అటూ ఇటూ చూశాడు. ఎవరూ కదల్లేదు. అతనింకా చూస్తుండగానే చాప తడిసింది.

టైలరమ్మకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది, కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి. అయినా తల దించలేదు, అతని చెయ్యీ వదల్లేదు.

"ఇప్పుడు తియ్యవయ్యా ఫొటో," అంది ఫొటోగ్రాఫరుతో. "ఇతన్ని కూడా కలిపి తియ్యి."