హయాత్ సంతకం

క్రిస్టీనా ఆటోగ్రాఫ్ పుస్తకంలో సినిమావాళ్లు లేరు. కళ్లకు గుడ్డ కట్టినా వాసన చూసి మిరప రకం చెప్పే కొండమ్మ ఉంది. పొదిలి బస్టాండులో బస్సుల వేళలన్నీ నోటికి చెప్పే మాబు ఉన్నాడు. ప్రతి సంతకం కిందా తేదీ ఉంది. తేదీ లేని సంతకం చెల్లదని ఆ పిల్లకు నేర్పింది తండ్రి ఫిలిప్ మాస్టారే.

చివరి పేజీలో మాత్రం ఆ పిల్ల రాసుకున్న పేరొక్కటే ఉంది, సంతకం లేదు. "హయాత్, దర్శి కాలువ ఈతగాడు." కింద ఖాళీ.

క్రిస్టీనా పోయి నాలుగు నెలలైంది. పుస్తకం బీరువాలో పెడితే మాస్టారికి నిద్ర పట్టదు. తీస్తే ఆ ఖాళీని చూడలేరు. ఆ ఒక్క పేజీ నిండితే ఇక మూసెయ్యవచ్చు అనుకుని, ఆదివారం చర్చి అయ్యాక నేరుగా హయాత్ కల్లానికి వెళ్లారు.

హయాత్ ఎండుతున్న మిరపకాయల్ని తిరగేస్తున్నాడు. అతని భార్య నసీమున్నీసా కుర్చీ తెచ్చి వేసింది. పుస్తకం చూడగానే హయాత్ చెయ్యి ఆగిపోయింది.

"అది మాత్రం అడగొద్దు మాస్టారూ. పాప మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ పొమ్మన్నా."

"కలెక్టరొచ్చినా ఇంతే సారూ," అంది నసీమున్నీసా. "బ్యాంకులో కాయితం ముందు పెడితే పెళ్లికూతురు మాదిరి తల దించుకుంటాడు."

"నువ్వుండవే!" అని కసిరి, హయాత్ మాస్టారి వైపు తిరిగాడు. "రాయడం రాక కాదండీ. కాలవలోంచి మనిషిని తీసినప్పుడల్లా పోలీసోళ్లు పంచనామా మీద నా చేత పెట్టిస్తారు. నా సంతకం ఉందంటే అక్కడో మనిషి పోయినట్టే. పసిపిల్ల పుస్తకంలో ఎట్టా పెట్టేదండీ?"

ఆ సంతకం మాస్టారి ఇంట్లో ఒకటి ఉంది. కూతురి పంచనామా నకలు మీద, కిందికి వాలిపోతూ. నాలుగోసారి హయాత్ ఇంటికని కాలువ గట్టున వస్తూ పిల్ల జారింది. సిమెంటు ఏటవాలంతా పాకుడు. పడ్డవాళ్లకు పట్టు దొరకదు.

"నాలుగోసారి నేనే పంపాను," అన్నారు మాస్టారు. "కాదన్నారని వదిలెయ్యకూడదని చెప్పి."

హయాత్ తల ఎత్తలేదు. "మొదటిసారే పెట్టుంటే మళ్లీ వచ్చేది కాదు గదండీ."

కాయల మధ్య నడవడానికి దారి ఉంది. ఇద్దరూ కదల్లేదు.

నసీమున్నీసా చెంబుతో నీళ్లు తెచ్చింది. "చేతులు కడుక్కో. కాయల చేత్తో పాప పుస్తకం ముట్టుకుంటావా?"

హయాత్ కడుక్కున్నాడు. లుంగీకి రెండుసార్లు తుడుచుకుని, మాస్టారి సిరా పెన్ను అందుకుని సంతకం పెట్టాడు. కాసేపాగి కింద తేదీ కూడా వేశాడు.

మాస్టారు చూశారు. సెప్టెంబరు ఏడు.

"పాప మొదటిసారి వచ్చిన రోజండీ," అన్నాడు హయాత్.

ముప్పై ఏళ్ల సర్వీసులో మాస్టారు తప్పు తేదీని దిద్దకుండా వదిలింది లేదు. జేబులోని ఎర్రపెన్ను అందుకుని మూత తీశారు. ఆ తేదీయే నిజమైతే క్రిస్టీనా ఈపాటికి చర్చి నుంచి ఇంటికి చేరి, అన్నానికి ఆయన కోసం చూస్తూ ఉండేది. మూత పెట్టేశారు.

"సరిగ్గానే ఉందాండీ?"

"సరిగ్గానే ఉంది."

"సిరా ఆరనివ్వండి మాస్టారూ."

ఆ ఎండకు సిరా ఎప్పుడో ఆరిపోయింది. మాస్టారు పుస్తకం ఒళ్లో తెరిచే పెట్టుకుని, అలాగే కూర్చుండిపోయారు.