పడనివాళ్ళ చుక్క

ముసలాయన్ని ఆపేసే రోజు వచ్చింది. ఆసుపత్రిలో పాత కంప్యూటర్ని అందరూ అలాగే పిలిచేవారు. అది బీరువా అంత ఉండేది, గది మొత్తం దానిదే. రోగుల పేర్లు, వయసులు, చిరునామాలు అన్నీ దాని కడుపులోనే ఉండేవి. తెర మీద ఆకుపచ్చ అక్షరాలు తప్ప మరేమీ చూపించేది కాదు. ఇప్పుడు ఆ వివరాలన్నీ బల్ల మీది మామూలు కంప్యూటర్లో ఉన్న డేటాబేస్‌లోకి మారాయి. మార్చింది ప్రోగ్రామరు. ఆమెని ఈ పని కోసమే పిలిపించారు. అంతకుముందు ఆమె కూడా ఆ ఆసుపత్రికి ఒక రోగి, అంతే.

ఆ పొద్దున కొత్త డేటాబేస్‌ నుంచి మొదటిసారి చీటీలు అచ్చయి వార్డులకి వెళ్ళాయి. ప్రతి మంచానికి తలవైపు ఒక చీటీ ఉంటుంది. అందులో పేరు, వయసు, డాక్టరు. ముసలాయన్ని తీసుకుపోవడానికి లారీ గుమ్మం ముందుకొచ్చి ఆగింది. ఆఫీసు మేనేజరు మిషను వెనక వంగి తీగలు వెతుకుతున్నాడు.

“ఏమ్మా, వీడ్కోళ్ళు అయ్యాయా? లారీ డ్రైవరు హారన్ కొట్టి చంపుతున్నాడు.”

“ఒక్క నిమిషం సార్. ఆఖరిసారి సరిచూస్తాను.”

తెలిసినవాళ్ళ పేర్లయితే తేలిక కదా అని తనని, భర్తని, అత్తగారిని వెతికింది. కొత్త డేటాబేస్‌లో ముగ్గురూ దొరికారు. ముసలాయన దగ్గర భర్త ఒక్కడే దొరికాడు. తన పేరూ అత్తగారి పేరూ ఉండాల్సిన అక్షరం కింద లేవు. జాబితా మొదటికి వెళ్ళింది. అక్కడ, ఏ అక్షరమూ మొదలవకముందే, కొన్ని పేర్లున్నాయి. ఒక్కో పేరు ముందు ఒక చుక్క. వాటిలో తనదొకటి, అత్తగారిదొకటి.

ఆ చుక్కలు ఆమెకి కొత్త కాదు. వాటి మూలంగా పేర్లు వరసలో కూర్చోవడం లేదని పోయిన వారం విసుక్కుంది. టైపు చేసేవాళ్ళ చెయ్యి తగిలి పడ్డాయనుకుని ఒక్క దెబ్బతో అన్నిటినీ తుడిచేసింది. తెచ్చుకున్న ఫైలు మీదే తుడిచింది. అసలు ప్రతిని విడిగా దాచుకోలేదు.

చెయ్యి తగిలితే మాత్రం, ఇంతమందికి తగులుతుందా? అందులోనూ మా ఇద్దరికీనా? అనుకుంటుండగానే తెర నల్లబడింది.

“అయిపోయింది,” అన్నాడు మేనేజరు చేతులు దులుపుకుంటూ. “ముసలాయన కన్నుమూశాడు.”

ఆమె కుర్చీలోంచి లేవలేదు. తనకీ అత్తగారికీ ఉండి, భర్తకి లేనిదేమిటి? ఆ ఇంట్లో ఉప్పు దగ్గర్నుంచి కర్టెన్ల దాకా అత్తాకోడళ్ళకి ఏదీ కలవదు. చుట్టాలొచ్చినప్పుడల్లా భర్త ఒకటే జోకు వేస్తాడు. “మా అమ్మకీ మా ఆవిడకీ పడదు. ఇద్దరికీ పెన్సిలిన్ అంతకన్నా పడదు. వాళ్ళకి కలిసిందల్లా అదొక్కటే.”

పడదు.

ఫోనందుకుని వార్డుకి చేసింది. పెద్ద నర్సు తీసింది. ఆమెని ఆసుపత్రంతా అక్కా అనే పిలుస్తుంది.

“అక్కా, కంప్యూటర్ గది నుంచి. చీటీలో పేరు ముందు చుక్క ఉంటే ఏమిటర్థం?”

“పెన్సిలిన్ పడదని. పాత మిషన్లో అది రాయడానికి చోటెక్కడ ఏడిచింది? మేమే అలా పెట్టించుకున్నాం. ఎందుకూ?”

“ఇవాళ్టి చీటీల్లో...”

“ఇవాళ ఒక్కళ్ళకీ లేదమ్మా. చాన్నాళ్ళకి సుఖమైన రోజు దొరికింది అనుకుంటున్నాం.”



“అక్కా, ఇంజెక్షన్లు ఆపండి.”

“ఎవరికి?”

“అందరికీ. చుక్కలు నేనే తీసేశాను. చెత్త అనుకున్నాను.”

అవతల పళ్ళెం కింద పడింది. “ఏయ్, ఆగవే! కిటికీ మంచం! చెయ్యి తియ్యి!” అని పెద్ద నర్సు అరవడం వినబడింది. మళ్ళీ ఫోన్లోకి వచ్చింది. ఆయాసపడుతోంది.

“కిటికీ దగ్గరాయనకి సూది ఎత్తి ఉంది. ఆపాను. తలుపు దగ్గరావిడకి ఇప్పుడే వేసేశాం. ఇద్దరూ ఆపరేషన్ మత్తులోనే ఉన్నారు, అడుగుదామంటే పలకరు. పేర్లు చదువు, తల్లీ.”

“ముసలాయన్ని ఆపేశారక్కా.”

“అయితే లేపు!”

మేనేజరు అప్పటికే తీగ గుచ్చుతున్నాడు. గోడలో ప్లగ్గు రెండుసార్లు జారింది. “లేస్తాడో లేదో నాకు తెలీదమ్మా. నేను చేరాక ఒక్కసారీ ఆపలేదు,” అన్నాడు. స్విచ్చు నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు. లోపల ఫ్యాను మూలిగి తిరగడం మొదలుపెట్టింది. తెర మీద ఒక వాక్యం వచ్చింది, ఆగింది, ఇంకోటి వచ్చింది. ముసలాయన తన ఒళ్ళు తనే తడిమి చూసుకుంటున్నాడు.

“మెడ మీద దద్దుర్లేమైనా ఉన్నాయా చూడండి డాక్టర్ గారూ,” అంటోంది ఫోన్లో పెద్ద నర్సు.

చిన్నప్పుడు పెన్సిలిన్ వేస్తే ఆమెకి మొదట దురద పుట్టింది. తర్వాత పెదాలు ఉబ్బాయి. ఆ తర్వాత నోరు తెరిచినా గాలి లోపలికి వెళ్ళలేదు. తనని ఎత్తుకుని పరిగెత్తినంతసేపూ అమ్మ ఏదో అంటూనే ఉంది. ఏమందో ఇప్పుడు గుర్తులేదు. ఆమె తన మెడ గోక్కుంటోంది. ఆ సంగతి మేనేజరు చెయ్యి పట్టుకునేదాకా ఆమెకి తెలియలేదు.

“వచ్చింది. చూడు.”

ఆకుపచ్చ అక్షరాలు. చుక్కల పేర్లు పైనే ఉన్నాయి. ఒక్కొక్కటే చదివింది.

“ఉండు! కిటికీ ఆయనే,” అంది పెద్ద నర్సు. “ఆ సూది అవతల పారేయవే. ఊఁ, చదువు.”

చదివింది. చుక్కలున్న చివరి పేరు దాకా చదివింది. తలుపు దగ్గరావిడ అందులో లేదు.

“మళ్ళీ చదువు.”

మొదటినుంచి మళ్ళీ చదివింది. లేదు. పెద్ద నర్సు ఊపిరి వదిలిన చప్పుడు ఫోన్లో వినబడింది.

మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు. “అమ్మయ్య! గట్టెక్కాం. ఆ చుక్కలు కొత్తదాంట్లోకి ఎక్కించెయ్యమ్మా. లారీవాణ్ణి ఇంకాసేపు ఉండమంటాను.”

ఆమె తెర మీంచి కళ్ళు తియ్యలేదు. కొన్ని చిరునామాల చివర ఒక ఏటవాలు గీత ఉంది. తన చిరునామాకి లేదు. తెరమీద ఒకరి తర్వాత ఒకరుగా నలుగురికి ఉంది. చుక్కలు తుడిచిన రోజే ఆ గీతలు కూడా తుడిచింది. ఈసారి ఇంట్లో జోకులు సాయం రావు.

లేచి వెళ్ళి స్విచ్చుకి అడ్డంగా నిలబడింది. ఫోను తీగ చాలినంత మేరా లాగింది.

“అక్కా, ఉన్నారా? కొందరికి చిరునామా చివర ఒక గీత ఉంటుంది. అదేమిటి?”

పెద్ద నర్సు గొంతు బాగా తగ్గించి అడిగింది.

“అదీ తీసేశావా?”