జాస్తి వారి రాకెట్

నేను ఒక బాల్ బ్యాడ్మింటన్ రాకెట్‌ను. యూనివర్సిటీ వారు నన్ను అద్దాల బీరువాలో పెట్టబోతున్నారన్న శుభవార్త వచ్చినప్పుడు నేను డాబా మీద పరుపు దులుపుతున్నాను.

దులుపుతున్నది నా యజమానురాలు హైమవతి. ఆమె కోడలు సుదీప్తి చేతిలో ఫోనుతో మెట్లెక్కి, ఆయాసపడుతూ వచ్చింది.

"కొట్టకండి అత్తయ్యా. దాన్ని తీసుకుంటారంట."

"దేన్ని, పరుపునా?"

"రాకెట్టునండీ."

ఆ చెయ్యి నన్ను పైకెత్తి, కొట్టకుండా దించడం చాలా ఏళ్ల తర్వాత అదే మొదటిసారి.

సుదీప్తికి పెళ్లై నెల. ఈ ఇంట్లో ఆమెకు అన్నీ ముచ్చటే. స్టీలు గ్లాసుల అడుగున చెక్కిన పేర్లు ముచ్చట, పాలవాడి సైకిలు గంట ముచ్చట, మొగుడు పృథ్వి చొక్కా గుండీలు తప్పు పెట్టుకుంటే మరీ ముచ్చట. అలా ముచ్చటపడుతూ తిరుగుతూనే స్టోరు గది తలుపు వెనక నన్ను చూసింది. "ఇదేంటత్తయ్యా?" అంటే, "అదా, కాలేజీలో ఆడేదాన్నిలే" అంది హైమవతి, పప్పులో ఉప్పు వేస్తూ. సుదీప్తి చదివిన యూనివర్సిటీలోనే ఇప్పుడు పాత ఆటల చరిత్రకు ఒక గది తెరుస్తున్నారు. నా ఫోటో తీసి, ఆ గది చూసుకునే షాహిదా మేడంకు పంపింది.

నా పుట్టుక జలంధర్‌లో. ఆవిరికి మెత్తబడ్డ చెక్కను వంచి నన్ను చేశారు. తోటి రాకెట్లతో కలిసి గోనెలో రైలెక్కి గుంటూరులో ఒక కొట్టుకు చేరాను. డిగ్రీ మొదటి సంవత్సరం పిల్ల ఒకతె వచ్చి, కొబ్బరికాయను పరీక్షించినట్టు నన్ను చెవి దగ్గర పెట్టుకుని, నాకు బిగించిన నరాలను వేలితో మీటి, "ఇదే" అంది. ఆ పిల్ల పేరు జాస్తి హైమవతి.

ఇంటిపేరు జాస్తి కావడం వల్ల కోర్టు చుట్టూ మంచి కాలక్షేపం జరిగేది. ఆమె పాయింటు కొట్టినప్పుడల్లా గోడ మీది కుర్రకారు, "ఇంకొకటి జాస్తి" అని అరిచేవాళ్లు. ఓణీ నడుముకు దోపుకుని ఆమె ఇంకొకటి కొట్టేది.

మా ఆటలో జట్టుకు అయిదుగురు, బంతిని పసుపుపచ్చ ఊలుతో చేస్తారు. యూనివర్సిటీల పోటీ ఫైనల్ రోజున చినుకులు పడ్డాయి. ఊలు నీళ్లు తాగి బంతి తడిసిన పిల్లిపిల్లలా బరువెక్కింది. ఆఖరి గేములో నా నరం ఒకటి తెగింది. మార్చుకునేందుకు ఇంకో రాకెట్ లేదు. హైమవతి ఆ చిల్లును తప్పిస్తూ, అంచుకు దగ్గరగా బంతిని అందుకుంటూ ఆడింది. గెలిచారు. షీల్డు ముందు పెట్టుకుని అయిదుగురూ ఫోటో దిగారు. కింద పేర్లు పొడి అక్షరాలతో రాశారు: జె. హైమవతి.

తర్వాత పెళ్లి. కొంగర వారింట్లో ఆడవాళ్లు ఆడకూడదని ఎవరూ అనలేదు. ఆడతావా అని ఎవరూ అడగలేదు కూడా. నేను చీరల పెట్టెతో వచ్చి, పిల్లుల్ని తరిమి, మునగకాయలు రాల్చి, చివరకు పరుపుల దగ్గర స్థిరపడ్డాను. ఆటవస్తువును మనుషులు రెండు రకాలుగా గౌరవిస్తారు: అద్దాల వెనక పెడతారు, లేకపోతే పనికి పెడతారు. రెండోది నాకు బాగా తెలుసు.

ఇప్పుడు మొదటిది రాబోతోంది. ఫోనులో షాహిదా మేడం గొంతు స్పీకరులో వినిపించింది.

"కార్డు మీద కొంగర హైమవతి గారి రాకెట్ అని రాస్తామండీ."

హైమవతి నన్ను ఒళ్లో పెట్టుకుని పరుపు మీద కూర్చుంది. "ఆమెవరో నాకు తెలవదమ్మా. ఆడింది జాస్తి హైమవతి."

"ఆధార్‌లో ఎట్లా ఉంటే అట్లానే రాయాలండీ. రూలు."

"అప్పుడు ఆధార్ ఏడుందమ్మా? గోడెక్కి అరిచినోళ్లు నా కార్డు చూసి అరిచారా? ఆ పేరు లేకపోతే ఇది నా పరుపులకే ఉండనియ్యి."

అప్పుడే పైకి వచ్చిన పృథ్వి, "ఏ పేరైతే ఏముందమ్మా, మనిషివి నువ్వేగా" అన్నాడు. మంచి అబ్బాయి. పుట్టినప్పటి నుంచీ ఒకటే ఇంటిపేరు.

సుదీప్తి అతని వంక చూసింది. "నా ఆధార్‌లో ఇంటిపేరు మార్పిస్తానన్నావుగా, అది కొన్నాళ్లు ఆపు."

"అదేంటి, ఎందుకు?"

"నువ్వు ఆధారంగా ఉన్నావు, చాలదా? కార్డులో కూడా నువ్వే కావాలా?"

పృథ్వి చెవులు ఎర్రబడ్డాయి. సుదీప్తి ఫోను వైపు తిరిగింది. "మేడం, ఆ రూలు వస్తువు ఇచ్చేవాళ్ల పేరుకే కదా? ఆడినవాళ్ల పేరుకు లేదుగా?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "లేదు" అంది షాహిదా మేడం నెమ్మదిగా.

"అయితే రెండు వరుసలు రాయండి. ఆడినది జాస్తి హైమవతి. ఇచ్చినది కొంగర హైమవతి."

"ఒకరి వస్తువు ఇంకొకరు దానమిచ్చినట్టు, ఇద్దరూ నేనే" అని హైమవతి నవ్వింది. నవ్వుతూనే చెంగుతో కళ్లు తుడుచుకుంది. దుమ్మంది. పరుపు దులపడం ఆపి చాలాసేపయింది.

"అట్లాగే రాస్తాను" అంది షాహిదా మేడం. "కానీ అమ్మా, మా దగ్గరున్న ఆ షీల్డు ఫోటోలో మిగతా నలుగురూ కూడా పొడి అక్షరాలే. సి. లీలావతి, ఆర్. మణెమ్మ... పెళ్లిళ్లయి ఏ పేర్లతో ఎక్కడున్నారో ఎంత వెతికినా దొరకట్లేదు."

"మీకెట్లా దొరుకుతారమ్మా? వాళ్ల పెళ్లిళ్లకు పోయింది నేను." హైమవతి లేచి నిలబడి, నన్ను తిప్పి చూసి, నరాల్లో ఇరుక్కున్న దూదిని గోటితో తీసేసింది. "పృథ్వీ, పరుపు లోపల వెయ్యి. సుదీప్తీ, రేపు పొద్దున్నే మొదటి బస్సుకు తెనాలి పోదాం. లీలావతి అక్కడే ఉంది. రాకెట్టు కూడా తీసుకురా, చూపిస్తేగాని నన్ను గుర్తుపట్టదు."