ఎడమచేతి వాటం గ్లవ్స్

డ్రెస్సింగ్ రూమ్‌కు మూడు గోడలే ఉన్నాయి, నాలుగో గోడ ఉండవలసిన చోట మైదానం నేరుగా లోపలికి వచ్చేసింది, ఆ పచ్చిక మీద కాళ్ళు చాపుకుని అప్పలసూరి తేగ ఒలుచుకుంటున్నాడు. చనిపోయి మూడు నెలలైన మనిషి తేగ ఒలుచుకోవడంలో పురుషోత్తానికి వింతేమీ కనిపించడం లేదు. వాడు తనను చూసి లేచి నిలబడకపోవడమే వింతగా ఉంది. వెలగలేటి పురుషోత్తం గదిలోకి వస్తే జనం లేస్తారు. అరవై నాలుగు టెస్టులు, మూడు వేల పరుగులు, రెండు వందల వికెట్లు, మోకాళ్ళకు రెండు ఆపరేషన్లు, ఒక బిస్కెట్ల ప్రకటన. దేశం మెచ్చిన ఆల్‌రౌండర్. ఒకే ఒక్క టెస్టు ఆడి, తర్వాత విశాఖ పోర్టులో గుమాస్తాగా రిటైరైన ఆఫ్‌స్పిన్నర్ బొడ్డేపల్లి అప్పలసూరి మాత్రం కూర్చునే ఉన్నాడు.

"ఏటి, ఇలగొచ్చినావు?" అంటాడు సూరి, తల ఎత్తకుండానే.

ఆ 'ఒచ్చినావు' పురుషోత్తానికి చెంప మీద కొట్టినట్టు తగులుతుంది. బతికున్నన్నాళ్ళూ 'అన్నా, మీరు' అనడం తప్ప మరోలా పిలవని మనిషి వీడు, తన కిట్ బ్యాగు మోసి, తన బూట్ల మేకుల్లో ఇరుక్కున్న మట్టి గీకిపెట్టి, తను నవ్వితే నవ్విన మనిషి. చావగానే మర్యాద మరిచిపోతారు కాబోలు అనుకుంటాడు పురుషోత్తం. వాడి చావుకు తను వెళ్ళలేదన్న సంగతి ఆ క్షణాన గుర్తు రాదు, ఎందుకంటే గుర్తు రానివ్వకూడని వాటిని గుర్తు రానివ్వకపోవడంలో కూడా అతను ఆల్‌రౌండరే.

"పుస్తకం వేస్తున్నాను సూరీ. నా ఆత్మకథ. నువ్వు కూడా ఉన్నావందులో," అంటాడు, పండగ మామూలు చేతిలో పెడుతున్నవాడి గొంతుతో.

"సదివినాను. నూట పన్నెండో పేజీ."

"ఇంకా అచ్చే కాలేదు కదరా?"

"మా కాడికి ముందే ఒచ్చీస్తాయి. మాకు మరి పనేటుంది, సదూకోడమే."

పచ్చిక కొంచెం పడవలా ఊగుతుంది, ఆ ఊపుకు గది కాస్తా పోర్టు క్యాంటీన్ అయిపోతుంది, తుప్పు పట్టిన బల్లలు, వాటి మీద టీ మరకలు, కానీ కిటికీ అవతల మాత్రం ముప్పై ఎనిమిదేళ్ళ కిందటి ఆ విదేశీ మైదానమే, స్కోరుబోర్డు మీద మూడు వికెట్లు, గడియారంలో ఐదున్నర. ఆట ముగియడానికి ఇంకా ఇరవై నిమిషాలు. దూరంగా బౌండరీ మీది తెల్ల తెర దగ్గర, చుక్కంత కనిపిస్తూ, వాళ్ళ ఫాస్ట్ బౌలర్ బంతిని ప్యాంటుకు రుద్దుతూ నిలబడి ఉన్నాడు. ఆ బంతి ఆ రోజు సాయంత్రం అప్పటికే ఇద్దరి పక్కటెముకలు వాచేలా కొట్టింది.

క్రికెట్‌లో ఒక ఆచారం ఉంది. సాయంత్రం ఆట ముగిసే వేళకు వికెట్ పడితే, అసలు బ్యాటర్‌ను మర్నాటికి దాచుకుని, పోయినా పెద్దగా నష్టం లేని బౌలర్ ఒకణ్ణి ముందుకు తోస్తారు. వాణ్ణి నైట్‌వాచ్‌మన్ అంటారు, అదేదో గౌరవమైన ఉద్యోగమైనట్టు. ఆ రోజు ఐదో నంబరుగా వెళ్ళవలసినవాడు పురుషోత్తం. వెళ్ళినవాడు సూరి.

సూరి తేగ పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, పదిమందిలో పద్యం చదివేవాడిలా ఒక చెయ్యి ఎత్తి పుస్తకంలోని వాక్యం అప్పజెబుతాడు. "'అన్నా, మీరు విశ్రాంతి తీసుకోండి, ఈ సాయంత్రం దేశం కోసం నన్ను నిలబడనివ్వండి అంటూ, చెమర్చిన కళ్ళతో సూరి నా చేతిలోని బ్యాటును లాక్కున్నాడు.' ఇదెవులు సెప్పినారు నీకు? నానా?"

"పుస్తకమన్నాక కొంచెం అలంకారం ఉంటుంది."

"నాను ఆ మాటలు ఎప్పుడైనా ఆడినానా? 'విశ్రాంతి' అంట! నా జన్మలో ఆ మాట నా నోట్లోంచి రానేదు. బకెట్టుడు నీల్లలో కాల్లెట్టుకోని కూకున్నాను. ముప్పై ఓవర్లేసిన కాల్లవి. నువ్వే ఒచ్చి బకెట్టు తన్నీసినావు, లెగు లెగు అన్నావు."

"కెప్టెన్ చెప్పాడు."

"కెప్టెన్ నిన్నడిగినాడు. 'ఎల్తావా పురుషోత్తం' అన్నాడు. నువ్వు కడుపట్టుకున్నావు."

"నాకు నిజంగానే కడుపులో..."

"టీ టయానికి నాలుగు శాండ్‌విచ్‌లు తినీసినావు. నాకొకటీ మిగల్చలేదు. కడుపునొప్పోడు తినీ తిండేనా అది?"

పురుషోత్తం నీళ్ళు నములుతాడు. కలలో నీళ్ళు నిజంగానే నోటి నిండా ఉన్నాయి, ఉప్పగా, అవి మింగి, తన దగ్గరున్న పెద్ద అస్త్రం బయటికి తీస్తాడు. "మర్నాడు నేను నూట పదకొండు కొట్టాను. మ్యాచ్ దక్కింది. దేశమంతా పండగ చేసుకుంది."

"కొట్టినావు. ఆసుపత్రిలో నర్సమ్మ రేడియోలో ఇన్నాను. ముందురోజులాగ లెగిసీ బంతి కాదది, పాతబడిపోయింది. ఎండ బాగా కాసింది. ఆ ఫాస్ట్ బౌలరు మడమ పట్టేసి కూకున్నాడు. బాగా కొట్టినావు."

ఆ 'బాగా కొట్టినావు' కంటే బూతు నయం. పురుషోత్తానికి వాడి మొహం పగలగొట్టాలనిపిస్తుంది. చివర్లో దిగే టెయిలెండర్ వెధవ, బ్యాటును చీపురులా పట్టుకునేవాడు, వీడా తన సెంచరీకి మార్కులు వేసేది? కానీ వాడి చేతివంక చూడగానే ఆ కోపం చల్లారుతుంది. సూరి మళ్ళీ తేగ అందుకున్నాడు, నాలుగు వేళ్ళతో ఒలుస్తున్నాడు, కుడిచేతి చూపుడువేలు మాత్రం వంగకుండా నిటారుగా ఉంది, ఎవరినో వేలెత్తి చూపుతున్నట్టు.

"గ్లవ్స్ సంగతి కూడా రాయలేదేటి?" అంటాడు సూరి మెల్లగా.

ఆ సంగతి ప్రపంచంలో ఇద్దరికే తెలుసు, అందులో ఒకడు చచ్చిపోయాడని పురుషోత్తం మూడు నెలలుగా లోలోపల కొంచెం హాయిగా ఉన్నాడు. వికెట్ పడ్డాక కొత్త బ్యాటర్ రెండు నిమిషాల్లో మైదానంలోకి దిగాలి. ఆ రోజు సూరి తన గ్లవ్స్ కోసం సంచిలో తడుముకుంటున్నాడు. వాడు ఆలస్యం చేస్తే కెప్టెన్ చూపు మళ్ళీ ఎక్కడ తన మీద పడుతుందోనని, పురుషోత్తం తన గ్లవ్స్ తీసి వాడి చేతులకు గబగబా తొడిగేశాడు. పురుషోత్తానిది ఎడమచేతి వాటం. బ్యాటు పిడి మీద కింద ఉండే చేతి వేళ్ళకే దెబ్బలు ఎక్కువ కాబట్టి ఆ గ్లవ్‌కే మెత్త దిట్టంగా కుడతారు, ఎడమచేతి వాటం వాడికి అది ఎడమ గ్లవ్‌లో ఉంటుంది. సూరి కుడిచేతి వాటం వాడు. మూడో బంతి లేచి, పలచటి మెత్తలోంచి, వాడి కుడి చూపుడువేలును రెండు ముక్కలు చేసింది. ఆఫ్‌స్పిన్నర్ బంతిని తిప్పేది ఆ వేలితోనే.

"పొరపాటు రా అది. తొందరలో..."

"పొరపాటే. నాను కూడా సూసుకోలేదు. ఏలి మాట అడగలేదు నాను."

"మరేం కావాలి నీకు? పుస్తకం నీకు అంకితం ఇస్తాను. మొదటి పేజీలో, ఫొటో వేసి."

సూరి పకపకా నవ్వుతాడు, ఆ నవ్వుకు క్యాంటీన్ బల్లలన్నీ పెవిలియన్ మెట్లయిపోయి కిందికి జారుతూ పోతాయి, ఒకదాని కింద ఒకటి, అంతు లేకుండా. "ఈ మెట్లంట దిగినప్పుడు ఒక్కో మెట్టుకీ ఒక్కో బూతు తిట్టినాను నిన్ను. మీ అమ్మనీ తిట్టినాను, పాపం ఆవిడేటి సేసింది. అయ్యన్నీ పీకీసి, నా కల్లల్లో నీల్లు కుక్కీసినావు నువ్వు. నన్ను మంచోడ్ని సేసీకు. నువ్వెందుకెల్లలేదో ఒక్క మాట సెప్పు, సాలు. నీ కాడ ఉందా మాట."

"ఎందుకంటే..." అని పురుషోత్తం నోరు తెరుస్తాడు, ఆ మాట నాలుక చివరే ఉంది, కానీ బయటికి మాత్రం మూడు వేల నలభై పరుగులు అని వస్తుంది, రెండు వందల ఆరు వికెట్లు అని వస్తుంది, సగటు ముప్పై మూడు అని వస్తుంది, నోరు మూసుకుంటే ముక్కులోంచి కూడా అంకెలే వస్తున్నాయి. మైదానంలోంచి అంపైర్ ఐదో నంబరును పిలుస్తున్నాడు. వెలుతురు తగ్గితే ఆట ఆపేస్తారని పురుషోత్తం ఆశగా ఆకాశంలోకి చూస్తాడు. వెలుతురు ఏమాత్రం తగ్గడం లేదు.

"ఎల్లు మరి. నంబరు నీదే," అంటాడు సూరి.

పురుషోత్తం చెయ్యి తనంతట తానే లేచి కడుపు మీదికి పోతుంది. సూరి దాన్ని చూసి ఉమ్మేసి, అటు తిరిగి కూర్చుంటాడు.

ఫోను మోగుతోంది. పురుషోత్తం సోఫాలో కళ్ళు తెరుస్తాడు. మధ్యాహ్నం భోజనం చేసి వాలినవాడు, గడియారం నాలుగు దాటింది, కిటికీలోంచి ఎండ ఇంకా తెల్లగానే పడుతోంది. కుడి అరచెయ్యి పొట్టను గట్టిగా పట్టుకుని ఉంది, వేళ్ళ కింద లాల్చీ నలిగిపోయి ఉంది. కడుపులో ఏ నొప్పీ లేదు.

"నమస్కారం సర్, హిమజనండీ," అంటుంది ఫోనులో అతని పుస్తకం వేస్తున్న సంస్థ ఎడిటర్. "ఇవాళ ప్రెస్‌కు పంపించేస్తున్నాం. సూరిగారి పేజీ దగ్గర మా ఆఫీసులో అందరం ఏడ్చేశామండీ. మార్పులేవీ లేవు కదా?"

"ఉంది. ఆ పేరా కొట్టెయ్యండి."

"అయ్యో! మరి ఆ చోట ఏం పెట్టమంటారు? మీకు ఆ సాయంత్రం ఒంట్లో బాగోలేదని రాద్దామా?"

పురుషోత్తం చెయ్యి పొట్ట మీదనుంచి తీసి, సోఫా చేతి మీద పెట్టి, అది మళ్ళీ లేవకుండా గట్టిగా అదిమి పట్టుకుంటాడు.

"బాగానే ఉన్నాను. నాకు భయమేసింది, అందుకు వెళ్ళలేదు. వాణ్ణి నేనే పంపాను. వాడి వేలు విరగడానికి కారణమైన గ్లవ్స్ నావి. ఇలాగే రాయండి."

ఆ మూడు మాటలూ అనడానికి ముప్పై ఎనిమిదేళ్ళు పట్టింది, అన్నాక ఒళ్ళు తేలికైంది, కళ్ళు కూడా తడిశాయి.

"అబ్బ, ఎంత నిజాయితీ సర్!" అంటుంది హిమజ. "ఇది లోపలెక్కడో పడి ఉండకూడదండీ. వెనక అట్ట మీద వేద్దాం, పెద్ద అక్షరాల్లో."

వద్దనాలని పురుషోత్తానికి తెలుసు. వద్దనడానికే నోరు తెరుస్తాడు.

"పక్కన నా ఫొటో ఏది వేస్తారు?" అని అడుగుతాడు.