బుగ్గ మీద పట్టు

నేను ఒక పసుపుపచ్చని మాత్రను. మినపగింజకంటే కాస్త పెద్ద ఒళ్ళు. ఎక్కడో ఫ్యాక్టరీలో అచ్చులో నొక్కి, తొమ్మిది మంది తోబుట్టువులతో కలిపి రేకు అట్టలో కూర్చోబెట్టారు. అసలు మా పుట్టుక దిగులుజబ్బు కోసం. నలిగిన నరాన్ని జోకొట్టే గుణమూ మాలో ఉందని తర్వాతెప్పుడో డాక్టర్లు కనిపెట్టారు. మనిషి రెండు పనులు చేస్తే మెప్పు, మాత్ర చేస్తే అనుమానం.

నేను చేరింది సన్నాయి వీరరాఘవులు ఇంటికి. మోటారుసైకిలు మీంచి పడి ఆయన కంటి కింది ఎముక చిట్లింది. ఎముక అతుక్కుంది గానీ, కింద నలిగిన నరం ఊరుకోలేదు. గాలి తగిలినా బుగ్గ మీద నిప్పుకణిక పెట్టినట్టే.

"ఆరువారాలు ఆపకుండా మింగాలి. నోరెండుతుంది, ఓర్చుకో పెద్దాయనా" అంది పెద్దాసుపత్రి డాక్టరమ్మ.

నా తోబుట్టువులు తొమ్మిది మంది రోజుకొకరు చొప్పున లోపలికి వెళ్ళారు. తొమ్మిదోనాడు ఆయన తన చేత్తో తాను ముఖం కడుక్కున్నాడు. కానీ సన్నాయి కొసన ఊదే రెల్లు పీక తడవడానికి నోట్లో ఊట లేదు. ఊదితే కోడిపిల్లలా కీచుమంది. తిరునాళ్ళు ఇరవై రోజుల్లోకి వచ్చేశాయి.

గుడి ధర్మకర్త గుమ్మంలోంచే అన్నాడు: "ఊదలేకపోతే చెప్పు రాఘవులూ, స్విచ్చి నొక్కితే మోగే మేళం పెట్టె కొంటాం. దానికి బుగ్గలుండవు, నొప్పులుండవు."

ధర్మకర్త వెళ్ళాక ఇల్లాలు సామ్రాజ్యం సానరాయి తీసింది.

"నొప్పి బుగ్గన పెట్టుకుని మందు పొట్టలో వేయడమేంటయ్యా! తలనొప్పికి సొంఠి అరగదీసి పట్టేస్తే తగ్గట్లా? లోపలికి పోతేగా నోరెండేది!"

"డాక్టరమ్మ మింగమంది గదే."

"ఆవిడేమన్నా సన్నాయి ఊదుద్దా?"

అట్టలో మిగిలింది నేనొక్కదాన్నే. నీళ్ళు చిలకరించి నన్ను అరగదీసింది. వేలితో బుగ్గకు పూసింది. పూసినంతసేపూ ఆయన కాలివేళ్ళు నేలను గీరాయి. నరం నాకు గోరంత లోతులోనే కొట్టుకుంటోంది. దాని దగ్గరికి నాకు తెలిసిన దారి గొంతులోంచి, పొట్టలోంచి, నెత్తుట్లోంచి. ఈ చర్మానికి నాకు తలుపు లేదు.

"ఎట్టా ఉందయ్యా?"

ఆయన ఆమె పసుపు వేళ్ళవైపు చూశాడు.

"చల్లగా ఉందే సామ్రాజ్యం. తగ్గినట్టే ఉంది."

ఆమె ముఖం విప్పారింది. గూట్లోంచి మిగతా మూడట్టలూ దించి, ముప్పై మాత్రలూ టకటకా నొక్కి తీసి, రోజూ అరగదీయడానికి వీలుగా కాఫీపొడి సీసాలో పోసుకుంది. "చూశావా, నే చెప్పలా!" అంటూ పొరుగింటికి చెప్పడానికి పరుగెత్తింది.

నేను ఎండి బీటలు వారుతున్నాను. ప్రతి బీటా చర్మాన్ని లాగుతోంది. కంట్లో నీరు దిగితే పట్టు కరిగిపోతుందని కాబోలు, రాఘవులు తల వెనక్కి వాల్చి ఇంటి వాసాలకేసి చూస్తూ కూర్చున్నాడు.