ఏడుపుకు సడలింపు

లాక్‌డౌన్‌లో ఏవి తెరవచ్చో, ఏవి తెరవకూడదో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. పాలు, కూరగాయలు, మందులు, ఎరువులు, వీటికి సడలింపు ఉంది. ఏడుపు ఆ వరుసలో లేదు. మండలానికి ఫోన్ చేసి మరీ కనుక్కున్నాను. అవతలి సారు "జగదీష్, అన్నం తిన్నవా?" అని అడిగి ఫోన్ పెట్టేశాడు.

నేను నెల్లికుదురు మండలంలో ఒక లంబాడా తండాకు పంచాయతీ కార్యదర్శిని. మాది జనగామ. బియ్యం, పప్పుల హోల్‌సేల్ చేసే ఇల్లు. మా ఇంట్లో ఎవరైనా పోతే మగవాళ్లు గొంతు సవరించుకుంటారు, ఆడవాళ్లు లోపలి గదిలోకి పోయి కొంగు అడ్డం పెట్టుకుంటారు. పక్క దుకాణానికి వినబడితే పరువు తక్కువ. తండాలో అట్లా కాదు. చాలా రోజులకు కలిసిన ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని, కలవని రోజుల్లో జరిగిన చావులూ కష్టాలూ అన్నీ చెప్పుకుంటూ, రాగం తీసి ఏడుస్తారు. అది అయ్యాకే బాగున్నవా, ఎప్పుడొచ్చినవ్ అన్న మాటలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అది చూసి, ఎవరో పోయారనుకుని నెల్లికుదురు నుంచి పూలదండ తెప్పించాను. చుట్టం పండుగకు వచ్చిందట. దండ ఆమెకే వేశారు.

మే నెలలో రుక్కి, ఆమె భర్త హరీశ్ పుణె నుంచి వచ్చారు. అక్కడ వాళ్లది బిల్డింగ్ పని. బయటి నుంచి వచ్చినవాళ్లు రెండు వారాలు బడిలో ఉండాలి. బడి తాళంచెవి నా జేబులో ఉంది. ఇంతవరకూ నాకేం ఇబ్బంది లేదు. కానీ రుక్కి తండ్రి మంగ్యా ఏప్రిల్‌లో గుండెనొప్పితో చనిపోయాడు. బస్సులు, రైళ్లు లేక రుక్కి రాలేకపోయింది. ఆమె తల్లి ద్వాలి ఇల్లు బడికి కూతవేటు దూరంలోనే ఉంది.

మొదటి రోజు సాయంత్రమే మా ఆశా కార్యకర్త సుమన వచ్చింది. ఆమె ఆ తండా కోడలే.

"సార్, రుక్కి ముద్ద ముడుతలేదు."

గేటు దగ్గరికి పోయి, "ఏందమ్మా, పప్పు మంచిగ లేదా?" అని అడిగాను.

"పప్పు మంచిగనే ఉంది సార్. మా నాయిన సచ్చిపోయిండని ఫోన్ల చెప్పిన్రు. నేను ఇంకా ఏడ్వలే."

"ఏడువు. ఎవలొద్దన్నరు? లోపట జాగ మస్తుగున్నది."

రుక్కి నా వైపు జాలిగా చూసింది. "ఒక్కదాన్నే ఎట్ల ఏడుస్త సార్? యాడి మెడ వట్టుకొని ఏడ్వాలె గద."

యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. ఆ యాడికేమో ఆయాసం. చలిగాలి తగిలినా, పొయ్యి పొగ తగిలినా ఇన్‌హేలర్ పంపు పీల్చాల్సిందే. అటువంటి ముసలివాళ్లకు కరోనా వస్తే ఏమవుతుందో రోజూ మండలం వాట్సాప్ గ్రూపులో చదువుతున్నవాణ్ణి నేను. మెడ పట్టుకోవడం కుదరదు, వేరే పద్ధతి చూద్దాం అన్నాను.

మొదటి పద్ధతి ఫోను. ఇటు హరీశ్ ఫోన్‌ను భార్య మెడకు ఆనించి పట్టుకున్నాడు. అటు సుమన ఇంకో ఫోన్‌ను ద్వాలి మెడకు ఆనించింది. ద్వాలి "హలో" అంది. రుక్కి కూడా "హలో" అంది. సిగ్నల్ బాగానే ఉంది. ఏడుపే రాలేదు.

మర్నాడు రెండో పద్ధతి. గేటుకు లోపల ఒకటి, బయట ఒకటి సున్నంతో గుండ్రాలు గీయించాను. రేషన్ దుకాణం ముందు గీయించినవాటి కంటే బాగా వచ్చాయి. తల్లీకూతుళ్లు మాస్కులు పెట్టుకుని చెరో గుండ్రంలో నిలబడి చేతులు చాచారు. ద్వాలి రాగం ఎత్తుకుంది. రుక్కి అందుకోబోయింది. చాచిన చేతులు ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలియలేదు. ద్వాలి మధ్యలోనే ఆపేసింది.

"సారూ, గిదేం ఏడుపు? గాలిని వట్టుకొని ఏడుస్తరా?"

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నీ మంచికే చెప్తున్న అవ్వా! జర సమజ్ చేస్కో. అసలే దమ్ము రోగంతోని పరేషాన్ అవుతున్నవ్. నీకేమన్న అయితే ఎవలు జవాబు చెప్పాలె? నన్నెందుకు ఇట్ల సంపుతున్నరు మీరిద్దరు?"

ద్వాలి గుండ్రం తొక్కకుండా జాగ్రత్తగా దాటి వెళ్లిపోయింది. రుక్కి ఆ పూట కూడా అన్నం ముట్టక గంజి తాగి పడుకుంది.

సాయంత్రం ద్వాలి మా ఆఫీసు అరుగు దగ్గరికి వచ్చి, దూరంగా నిలబడి, సుమనను అడగడం మొదలుపెట్టింది.

"రుక్కిని ఎవలన్న ముట్టుకుంటే ఏమైతది?"

"వాళ్లు గూడ బడిల ఉండాలె అత్తా. రెండు వారాలు."

"మరి తిండి?"

"పంచాయతే ఇస్తది."

"బయటికి ఎల్లగొడ్తరా?"

"ఎల్లగొట్టరు. అసలు బయటికే రానియ్యరు."

నేను లోపల కూర్చుని అన్నీ వింటూనే ఉన్నాను. ముసలమ్మకు ఇన్నాళ్లకు తెలివి వచ్చిందని సంతోషపడ్డాను. తండాలో అవగాహన పెరిగిందని గ్రూపులో రాశాను కూడా. ఎవరో చప్పట్ల బొమ్మ పెట్టారు.

తెల్లారి అన్నం గిన్నె లోపల పెట్టడానికి గేటు తీశాను. ద్వాలి వస్తోంది. చంకలో చాప, భుజం మీద బొంత, చేతిలో ఆయాసం పంపు.  గిన్నె కింద పెట్టేసి, గేటుకు అడ్డంగా చేతులు చాచాను.

"అవ్వా, ఎటు? ఆగు! దమ్ము రోగమున్న ముసల్దానివి, సచ్చిపోతవ్!"

ఆమె ఆగింది. అరవలేదు, తిట్టలేదు.

"సస్తే నాకు ఏడ్వనీకి బిడ్డ ఉన్నది సారూ. మంగ్యాకు బిడ్డ ఏడ్పు అందకపాయె. గది నీకు సమజైతలేదా?"

ఆమెను పట్టుకుని ఆపాలంటే ముట్టుకోవాలి. ముట్టుకోకూడదన్నది నేనే మైకులో చెప్పిన మాట. నా చేతుల కింది నుంచి వంగి లోపలికి పోయింది.

ముందే చెప్పేస్తున్నాను, ఆమెకు ఏమీ కాలేదు. రెండు వారాలయ్యాక ముగ్గురూ నడుచుకుంటూ ఇంటికి పోయారు. కానీ ఆ పొద్దున అది నాకు తెలియదు. ఒక మనిషిని చేతులారా చావుకు పంపించాననే అనుకున్నాను.

రుక్కి వరండాలోకి వచ్చింది. తల్లిని చూసి ఒక్కసారిగా ఉరికింది. ఒకరి మెడ ఒకరు పట్టుకున్నారు. రాగం లేచింది. హరీశ్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అంత పెద్ద ఏడుపు మా జనగామ ఇంట్లో ఎవరైనా ఏడిస్తే దుకాణాలన్నీ కట్టేసేవాళ్లు.

భాష నాకు రాదు. గేటు కమ్మీలు పట్టుకుని నిలబడిన సుమనను అడిగాను.

"ఏమంటున్నరు?"

"ఎడ్ల ముచ్చట చెప్తున్నరు సార్. రుక్కి పెండ్లికి మంగ్యా మామ ఎడ్లను అమ్మిండు. గా రోజు ఆయన ఇంట్ల అన్నం తినలేదంట." కాసేపు విని మళ్లీ అంది. "ఇప్పుడు మీ ముచ్చట."

"నా ముచ్చటా?"

"తల్లిని బిడ్డను సార్ సున్నం గీతల నిలబెట్టిండు అని రుక్కి వాళ్ల నాయినకు చెప్తున్నది."

  గీతలు నిజమే. లోపల గొంతులు మారాయి. రాగం కిందికి దిగింది. రుక్కి ఒకే మాటను మళ్లీ మళ్లీ అంటోంది. సుమన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడేమంటున్నది?" అన్నాను.

"మా నాయిన సచ్చిపోయిండు అంటున్నది సార్."

"అది నెల కిందటి ముచ్చట గద?"

"నెల కింద మనకు సచ్చిపోయిండు సార్. ఆమెకు ఇప్పుడే పోయిండు."

నేను గేటు మూసి గొళ్లెం పెట్టాలి. చెయ్యి కమ్మీ దాకా పోయింది. చావు జరిగిన ఇంటి తలుపు మొహం మీద వెయ్యడానికి మనసు రాలేదు. అట్లాగే పట్టుకుని నిలబడి, మాస్కు తడిసేదాకా ఏడ్చాను.